టిడ్లీవికీ నోట్సు: బ్రౌజర్‌లోనా, టిడ్లీడెస్క్‌టాప్‌లోనా? ఏది మేలు?

కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి, కైఫియత్తుల్లోంచి (ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన పాత రికార్డులు) ఊళ్ల సంగతులు రాసుకోవడం నాకు చాన్నాళ్ల అలవాటు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ శాసనం ఎక్కడుంది, అన్నీ టిడ్లీవికీ అనే, నోట్సును లింకులతో కలుపుకుంటూ రాసుకునే సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. కలమళ్ల శాసనం నోట్సులో ఎరికల్ ముత్తురాజు పేరు మీద నొక్కితే చాలు, అదే పేరున్న ఎర్రగుడిపాడు శాసనానికి దారి దొరుకుతుంది. కాగితం మీద ఈ సుఖం లేదు.

2004లో జెరెమీ రస్టన్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మొత్తం ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు. ఏమీ రాయకముందు రెండు ఎంబీ పైచిలుకు ఉంటుంది. నెట్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఎక్కడైనా తెరవచ్చు.

చిక్కంతా సేవ్ దగ్గరే. వెబ్‌పేజీ తనంతట తానుగా మన డిస్కులోని ఫైలును మారుస్తానంటే బ్రౌజర్లు ఒప్పుకోవు. అది సబబే. ఊరూ పేరూ లేని సైటు ఏదో మన ఫైళ్లలో చెయ్యి పెడితే ఊరుకుంటామా? కానీ మనం రాసుకున్న మన ఫైలుకూ అదే కట్టడి. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో టిడ్లీఫాక్స్ అనే యాడ్-ఆన్ (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఉండేది. టిక్కు గుర్తు నొక్కితే ఉన్న ఫైలులోనే సేవ్ అయ్యేది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చాక పాత తరహా యాడ్-ఆన్లన్నిటితో పాటు అదీ పనిచేయకుండా పోయింది.

ఇప్పుడు ఏ సహాయమూ లేకుండా బ్రౌజర్‌లో సేవ్ నొక్కితే జరిగేది డౌన్‌లోడ్. పెన్‌డ్రైవ్‌లోని ఫైలు పాతదిగానే ఉంటుంది, కొత్తది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో చేరుతుంది. ఇంకోసారి నొక్కితే పేరు పక్కన (1), మరోసారి నొక్కితే (2). నేను ఒకసారి చూసుకోకుండా పాత ఫైలే తెరిచి, రెండు సాయంత్రాలు కూర్చుని జమ్మలమడుగు వైపు ఊళ్లన్నీ ఎక్కించాను. అంతకు ముందు వారం రాసినవి (2)లో ఉన్నాయి, కొత్తవి ఇందులో ఉన్నాయి. చివరికి ఒక ఫైలును లాగి రెండోదాని మీద వదిలితే, ఏ నోట్సు తెచ్చుకోవాలో జాబితా చూపించింది. ఒకే పేరుతో రెండు చోట్లా ఉన్నవాటిని ఒక్కొక్కటీ తెరిచి పోల్చి చూసుకున్నాను. ఆ రాత్రి పడిన టెన్షన్ ఇంకొకరికి వద్దనే ఇదంతా రాస్తున్నాను.

బ్రౌజర్‌తోనే నెట్టుకురావాలంటే, డౌన్‌లోడ్ చేసే ప్రతిసారీ ఎక్కడ పెట్టాలో అడగమని సెట్టింగ్స్‌లో చెప్పాలి. అప్పుడు పాత ఫైలునే చూపించి, దాని మీదే రాయమనవచ్చు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటిలోనూ కుదురుతుంది. కానీ ఆటోసేవ్ మీద ఆశ పెట్టుకోకూడదు. టిక్కు గుర్తు ఎర్రగా ఉన్నంతసేపూ మీరు రాసింది ఇంకా ఫైలులోకి చేరలేదనే అర్థం. మన వైపు ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. బ్యాటరీ దెబ్బతిన్న ల్యాప్‌టాప్ అయితే ఆ ఎరుపును పది నిమిషాలు కూడా ఉండనివ్వకండి.

ఉన్న ఫైలులోనే సేవ్ చేయడానికి ఇప్పుడు టిమిమి అనే యాడ్-ఆన్ ఉంది. దానికి తోడు కంప్యూటర్‌లో ఇంకో చిన్న ప్రోగ్రాం కూడా వేసుకోవాలి. సొంత ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది లేదు, నెట్ సెంటర్‌లో కుదరదు. మనం అనుమతిస్తే పేజీ నేరుగా ఫైలులో రాసే సౌకర్యం 2020లో క్రోమ్ 86తో వచ్చింది, ఎడ్జ్‌లోనూ ఉంది. ఫైర్‌ఫాక్స్ మాత్రం దాన్ని తీసుకోలేదు. దాని మీద ఆధారపడితే మళ్లీ ఒక్క కుటుంబపు బ్రౌజర్లకే కట్టుబడినట్టు. టిడ్లీవికీని మన కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్‌లా నడిపే నోడ్ జేఎస్ పద్ధతి కమాండ్లు అలవాటున్నవాళ్లకు బాగుంటుంది.

నాకు కుదిరింది టిడ్లీడెస్క్‌టాప్, అంటే టిడ్లీవికీ ఫైళ్లను తెరవడానికే చేసిన విడి ప్రోగ్రాం. లోపల క్రోమ్‌కు మూలమైన క్రోమియమే ఉంటుంది కాబట్టి కాస్త బరువు, డౌన్‌లోడ్ పెద్దది. అయినా నోట్సు రాసి ముగించగానే అదే ఫైలులో సేవ్ అవుతుంది, పాత ప్రతులూ బ్యాకప్‌గా ఉంటాయి. రేపు మన బ్రౌజర్‌లో ఏ అప్‌డేట్ వచ్చినా దీనికి పట్టదు. పైగా ఫైలు అదే హెచ్‌టీఎంఎల్ ఫైలు. ఇది నచ్చకపోతే మళ్లీ ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకోవచ్చు.

అబ్సిడియన్ అనే మరో నోట్సు యాప్‌కు మారిపొమ్మని చెప్పేవాళ్లున్నారు. నోట్సును మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా ఉంచుతుంది, బ్రౌజర్ గొడవ లేదు. ఇవాళే మొదలుపెట్టేవాళ్లకు నేనూ అదే చెబుతాను. కానీ ఏళ్ల తరబడి లింకులు అల్లుకున్న ఫైలును విప్పి మళ్లీ అల్లే ఓపిక నాకు లేదు.

అందుకని ఇంట్లో టిడ్లీడెస్క్‌టాప్, బయట కంప్యూటర్‌లో అడిగి సేవ్ చేసే బ్రౌజర్, ఫోన్‌లో చదవడం వరకే. బయట పని అయ్యాక పెన్‌డ్రైవ్ తీసేముందు ఫైలు పక్కనున్న తేదీ, టైము చూస్తాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా తెరుస్తాను. (1) కనిపిస్తే దాన్నీ కాపీ చేసుకుని వస్తాను.