ఇంటి చదువులో కాలేజీ క్రెడిట్లు: మూడు దారులనూ వాడి చూసిన తరువాత

మా అమ్మాయిని తొమ్మిదో తరగతి నుంచి పన్నెండో తరగతి వరకు టెక్సాస్‌లో ఇంట్లోనే చదివించాం. ఆ నిర్ణయం ఫోన్లో చెప్పినప్పుడు తెనాలిలో ఉన్న మా నాన్నగారు, "ఏమ్మా, బడికి వెళ్ళని పిల్లకు మార్కుల జాబితా ఎవరిస్తారు?" అని అడిగారు. "నేనే ఇస్తాను నాన్నా" అన్నాను. చట్టం ప్రకారం ఆ జవాబు సరైనదే. 1994లో టెక్సాస్ సుప్రీంకోర్టు లీపర్ కేసులో ఇచ్చిన తీర్పు తరువాత ఈ రాష్ట్రంలో ఇంటి చదువును ప్రైవేటు పాఠశాల చదువుగానే చూస్తున్నారు. ట్రాన్స్‌స్క్రిప్ట్ తయారుచేసి సంతకం పెట్టవలసింది తల్లిదండ్రులే. అయితే జీవితమంతా ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన సందేహం వేరు: కన్నతల్లి వేసిన మార్కును పరాయివాళ్లు ఎందుకు నమ్మాలి? మా ఇంట్లో క్లెప్, ఏపీ, డ్యూయల్ క్రెడిట్ మొదలైనది ఆ సందేహం నుంచే. క్లెప్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనేవి హైస్కూలు రోజుల్లోనే రాసి కాలేజీ క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కించే కోర్సు యూనిట్లు, పొందగల పరీక్షలు; డ్యూయల్ క్రెడిట్ అంటే హైస్కూలులో ఉండగానే కాలేజీ కోర్సు చదివి రెండుచోట్లా లెక్కకు తెచ్చుకోవడం. డబ్బు, సమయం ఆదా అవుతాయన్న లెక్క తరువాత వచ్చింది.

నాలుగేళ్లలో అమ్మాయి మొత్తం 34 క్రెడిట్లు సంపాదించింది. వాటిలో 18 కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల స్థానిక కాలేజీలో) డ్యూయల్ క్రెడిట్‌గా, 12 నాలుగు క్లెప్ పరీక్షల ద్వారా, 4 ఏపీ కాలిక్యులస్ ఏబీ ద్వారా వచ్చాయి. ఇప్పుడు తాను ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం రెండో సంవత్సరం చదువుతోంది.

ముందుగా క్లెప్ గురించి. దీన్ని, ఏపీనీ కూడా, కాలేజ్ బోర్డు అనే అమెరికా సంస్థ నిర్వహిస్తుంది. చాలా పరీక్షలు గంటన్నరలో ముగుస్తాయి, స్కోరు 20 నుంచి 80 మధ్య ఉంటుంది, సాధారణంగా 50 వస్తే క్రెడిట్ ఇవ్వవచ్చని సిఫారసు. వ్యాసం రాయవలసిన పరీక్షలు మినహాయిస్తే, ముగించగానే స్కోరు తెర మీద కనబడుతుంది. ఫలానా నెలలోనే రాయాలన్న నిబంధన లేకపోవడం ఇంటి చదువుకు చక్కగా అమరుతుంది; పాఠం ముగిసిన వారంలోనే పరీక్ష రాయించవచ్చు. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఈ పరీక్షలకు ఉచితంగా పాఠాలు అందిస్తుంది. కోర్సు పూర్తిచేసిన వారికి పరీక్ష రుసుము కట్టనక్కరలేకుండా వోచరు ఇస్తుంది, పరీక్షా కేంద్రం విడిగా వసూలు చేసే రుసుమును కూడా తిరిగి చెల్లిస్తుంది. మేం నాలుగు పరీక్షలకూ ఆ వోచర్లే వాడుకున్నాం.

కాలేజ్ ఆల్జీబ్రాలో మా అమ్మాయికి మొదటిసారి 46 వచ్చింది. మూడు నెలల గడువు దాటాక మళ్లీ రాస్తే 58 వచ్చింది. తక్కువ వచ్చిన స్కోరును ఏ కాలేజీకీ పంపనవసరం లేదు గనుక ఆ తప్పటడుగు మచ్చగా మిగలలేదు. తప్పి, మళ్లీ లేవడానికి ఇంత చోటిచ్చే పద్ధతి ఈ మూడింటిలో ఇదొక్కటే. పదిహేనేళ్ల పిల్లకు అది ఎంత ధైర్యమో దగ్గరుండి చూశాను. దీని లోపం మరోచోట ఉంది. క్లెప్‌ను అసలే ఒప్పుకోని పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలు చాలానే ఉన్నాయి. ఒప్పుకునేచోట కూడా ఏ పరీక్షకు ఏ కోర్సు మినహాయింపు ఇస్తారో ఒక్కో కాలేజీది ఒక్కో పట్టిక.

ఏపీ పరీక్షకు ఉన్నంత పలుకుబడి క్లెప్‌కు లేదు. 1 నుంచి 5 వరకు ఇచ్చే ఆ స్కోరును దేశమంతటా గుర్తుపడతారు. పాఠం ఇంట్లో ఎలాగైనా చెప్పుకోవచ్చు. సీటు సంపాదించడమే ఇంటి పిల్లలకు అసలు కష్టం. ఈ పరీక్షలు మే నెలలో పాఠశాలల్లోనే జరుగుతాయి, బయటి విద్యార్థిని కూర్చోబెట్టుకోవాలన్న నిర్బంధం ఏ పాఠశాలకూ లేదు. పాఠశాలలు పరీక్షా పత్రాలకు ముందటి సంవత్సరం నవంబరులోనే ఆర్డరు పెట్టాలని తెలియక నేను ఫిబ్రవరిలో ఫోన్లు మొదలుపెట్టాను. పదకొండు పాఠశాలలు వరుసగా కాదన్నాయి. ఏడాది పొడుగునా జీవశాస్త్రం ఇష్టంగా చదివిన పిల్లకు పరీక్ష రాసే చోటు లేదని చెప్పవలసి వచ్చింది. ఆ నేరం నాదే, ఇప్పటికీ మనసులో నొప్పిగానే ఉంది. మరుసటి ఏడు ఆగస్టులోనే అడగడం మొదలుపెడితే ఒక చిన్న ప్రైవేటు పాఠశాల కొద్దిపాటి అదనపు రుసుముతో కాలిక్యులస్‌కు చోటిచ్చింది. జులైలో 4 వచ్చింది.

ఇక్కడే మరొక జాగ్రత్త చెప్పాలి. మన సిలబస్‌ను కాలేజ్ బోర్డుకు పంపి ఆమోదం పొందితే తప్ప ట్రాన్స్‌స్క్రిప్ట్‌లో కోర్సు పేరుకు ముందు ఏపీ అని రాయకూడదు. మేం ఆమోదానికి పంపలేదు కనుక "కాలిక్యులస్" అని మాత్రమే రాసి, పరీక్ష స్కోరును విడిగా చూపించాం. దాని వల్ల నష్టమేమీ జరగలేదు.

నాన్నగారి సందేహానికి గట్టి సమాధానం డ్యూయల్ క్రెడిట్‌లోనే దొరికింది. టెక్సాస్‌లో చేరికకు ముందు టీఎస్ఐ అనే ప్రవేశ పరీక్షలో చదవడం, రాయడం, గణితం నిరూపించుకోవాలి, లేదా దానికి మినహాయింపు చూపాలి. ఆ తరువాత పిల్లలు మామూలు కాలేజీ విద్యార్థులతో కలిసే కూర్చుంటారు. ఇంగ్లిష్ 1301, గవర్నమెంట్ 2305 వంటి కోర్సు సంఖ్యలు రాష్ట్రమంతటా ఉమ్మడిగా ఉండడం, రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల మధ్య మూల పాఠ్యక్రమం బదిలీ కావడం ఎంతో ఉపకారం. ఆ ఇంగ్లిష్ తరగతిలో మా అమ్మాయి వ్యాసాన్ని మొదటిసారి నేను కాక మరొకరు దిద్దారు. ఎర్రగీతలతో వచ్చిన ఆ కాగితాలను దాచుకుంది. అందులో వచ్చిన 'ఏ' (A) గ్రేడు, నేను ఇంట్లో వేసిన గ్రేడ్లన్నింటికీ సాక్ష్యమై నిలబడింది.

అయితే ఈ దారిలో వచ్చిన గ్రేడును తుడిచేయలేం. పదో తరగతిలో, ఇంకా పదిహేను నిండిన కొత్తలోనే, ఎనిమిది వారాల ఆన్‌లైన్ చరిత్ర కోర్సులో చేర్పించాను. పాఠం రాక కాదు, ఇంట్లో గడువులను సర్దుబాటు చేసుకోవడానికి అలవాటుపడడం వల్ల రెండు అసైన్‌మెంట్లు పోయి 'సీ' (C) గ్రేడు వచ్చింది. నేను కాలేజీకి ఫోన్ చేస్తే, విద్యార్థి రాతపూర్వక అనుమతి లేనిదే తల్లితో మాట్లాడలేమన్నారు. విద్యార్థుల రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన రోజు నుంచే, వయసుతో సంబంధం లేకుండా, ఆ హక్కు విద్యార్థిది. అంతవరకు ప్రతి పాఠమూ నా చేతుల మీదుగా నడిచిన ఇంటికి ఆ ఫోన్ పెద్ద కుదుపు. మా అమ్మాయికి వైద్యవిద్య మీద ఆశ ఉంది. ఇక్కడి మెడికల్ కాలేజీలకు దరఖాస్తు చేసేవారు హైస్కూలు రోజుల్లో చదివిన కాలేజీ కోర్సుల గ్రేడ్లు కూడా చూపించాలి. ఆ సీ అక్కడిదాకా వెంట వస్తుంది. పిల్లను డాక్టరు చేయాలనుకునే మన తెలుగు కుటుంబాలు డ్యూయల్ క్రెడిట్‌కు తొందరపడే ముందు ఈ సంగతి తప్పక ఆలోచించాలి.

చివరి లెక్క ఇది. విశ్వవిద్యాలయం 34 క్రెడిట్లనూ ఒప్పుకుంది, కానీ డిగ్రీకి పనికొచ్చినవి 28. కాలిక్యులస్ ఉన్నాక ఆల్జీబ్రా ఎక్కడా ఇమడలేదు. సామాజిక శాస్త్రాల కోటాకు మనస్తత్వశాస్త్రం సరిపోవడంతో స్థూల ఆర్థికశాస్త్రం మిగిలిపోయింది. ఒప్పుకోవడం వేరు, డిగ్రీలో ఇమడడం వేరు అని ఎవరైనా మొదటి సంవత్సరమే చెప్పి ఉంటే, డిగ్రీ ప్రణాళిక ముందు పెట్టుకునే పరీక్షలు ఎంచుకునేవాళ్లం. అయినా 120 క్రెడిట్ల డిగ్రీలో 28 అంటే దాదాపు రెండు సెమిస్టర్లు. పన్నెండో తరగతి ముగిసేలోపే సంపాదించిన క్రెడిట్లు కావడంతో ప్రవేశంలో తనను కొత్త విద్యార్థిగానే పరిగణించారు, మొదటి సంవత్సరం వారికిచ్చే స్కాలర్‌షిప్ అర్హత కూడా పోలేదు.

మా అబ్బాయి ఇప్పుడు పదో తరగతి. వాడికి ఈ ఏడు క్లెప్ మాత్రమే. అదీ వాడికి ఇష్టమైన చరిత్ర ఒక్కటే. వచ్చే ఏటి ఏపీ సీటు కోసం ఆగస్టులోనే అడిగి మాట తీసుకున్నాను. కమ్యూనిటీ కాలేజీ తరగతి గది పదకొండులోనే, అదీ పదహారు వారాల కోర్సుతో మొదలవుతుంది. నాతో మాట్లాడేందుకు కాలేజీకి అనుమతినిచ్చే ఫారం మీద సంతకం పెట్టాలో వద్దో వాణ్ణే నిర్ణయించుకోమన్నాను, వాడింకా ఆలోచిస్తున్నాడు.