పీఎస్సా, టాపా?

పర్లాకిమిడిలో మా బావ నెట్ సెంటర్‌లో లినక్స్ మెషిన్ నత్తనడక నడుస్తుంటే ముందు పీఎస్ (ps, నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూపే కమాండ్) కొట్టాను. అంతా మామూలే అన్నట్టు చూపించింది. టాప్ (top, అదే జాబితాను ఎప్పటికప్పుడు తాజాగా చూపే కమాండ్) తెరిస్తే ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, 98 శాతం సీపీయూ మింగుతోంది! అబద్ధం ఎవరూ చెప్పలేదు. రెండూ చదివేది ప్రాసెస్‌ల వివరాలు లినక్స్ చూపించే ప్రాక్ (/proc) ఫైళ్లనే. కాకపోతే పీఎస్ చూపే శాతం ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి తీసిన సగటు. పది గంటలు కునికి ఇప్పుడే రెచ్చిపోయినదాన్ని ఆ సగటు కప్పేస్తుంది. టాప్ మామూలుగా 3 సెకన్లకోసారి, ఆ కాస్త వ్యవధికే లెక్క కడుతుంది. స్క్రిప్టులో వాడటానికి, ఏ ప్రాసెస్‌కి ఏది పుట్టిందో చూడటానికి పీఎస్సే నయం. మెషిన్ మొరాయిస్తే మాత్రం నా ఓటు టాప్‌కే. కె నొక్కి, పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇచ్చి అక్కడే ఆపేయొచ్చు. మా బావైతే ఇప్పటికీ నేరుగా స్విచ్చే ఆపేస్తాడు.