శ్రీరాంపూర్: హుగ్లీ గట్టున డేనిష్ వారి పట్నం

కోల్‌కతా పక్కనున్న హౌరాలో లోకల్ రైలెక్కితే అరగంట పైచిలుకు ప్రయాణంలో శ్రీరాంపూర్ చేరుకోవచ్చు. హుగ్లీ నది పడమటి గట్టున ఉన్న ఈ పట్నం 1755 నుంచి డెన్మార్క్ వారి ఏలుబడిలో ఫ్రెడరిక్స్‌నగర్‌గా సాగి, 1845లో ఈస్టిండియా కంపెనీకి అమ్ముడుపోయింది. 1854లో హౌరా నుంచి హుగ్లీ పట్టణం దాకా రైలు నడవడంతో దీని చూపు కోల్‌కతా వైపు తిరిగింది. నేటికీ ఇక్కడి ఉద్యోగులు చాలామంది పొద్దున హౌరాకు పోయి రాత్రికి ఇల్లు చేరుతారు. అందువల్ల ఉదయం హౌరా నుంచి బయలుదేరే యాత్రికులకు రద్దీ ఎదురు దిశలో ఉండి, కూర్చోవడానికి చోటు సులువుగా దొరుకుతుంది.

స్టేషన్ నుంచి నది దాకా టోటోలు (బ్యాటరీ రిక్షాలు) తిరుగుతాయి. 1806లో పూర్తయిన సెయింట్ ఓలావ్ చర్చి, 1786 నాటి డెన్మార్క్ టావెర్న్ రెండింటినీ ఇటీవల చక్కగా పునరుద్ధరించారు. టావెర్న్‌లో కాఫీ తాగుతూ నదిని చూడవచ్చు, బస చేయడానికి గదులూ ఉన్నాయి. ఏటి గట్టున సాయంత్రం గడపాలనుకుంటే తప్ప రాత్రి బస అవసరమని నాకు అనిపించలేదు. కోల్‌కతాలో ఉండి ఒక పగటిలో చూసి రావచ్చు.

నా మట్టుకు అసలు ఆకర్షణ 1818లో బాప్టిస్టు మిషనరీలు విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ స్థాపించిన శ్రీరాంపూర్ కళాశాల. దాని గ్రంథాలయం, కేరీ స్మారక ప్రదర్శనశాల చూడదలచినవారు పనిదినాలలో, ముందుగా అనుమతి అడిగి వెళ్లడం మంచిది. 1812లో జరిగిన అగ్నిప్రమాదంలో ఇక్కడి మిషన్ ముద్రణాలయం కాలిపోయి, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు నాశనమయ్యాయి. అయినా రెండేళ్లకే, 1814లో, కేరీ రాసిన తెలుగు వ్యాకరణం ఇక్కడే అచ్చయింది. బ్రౌన్ దొరను తలచుకునే మనం, మన భాషకు ఇంత దూరాన జరిగిన ఈ పనిని అంతగా పట్టించుకోలేదు. కేరీ 1834లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. ముగ్గురి సమాధులూ మిషన్ శ్మశానవాటికలో ఉన్నాయి.

రథయాత్ర రోజుల్లో ఈ ఊళ్లోని మాహేశ్ పేటలో సాగే జగన్నాథ రథం కోసం జనం విపరీతంగా వస్తారు కాబట్టి, పాత కట్టడాలను తీరికగా చూడాలనుకునేవారు ఆ రోజులు తప్పించడమే నయం. వచ్చిన దారినే తిరిగి వెళ్లనక్కరలేదు: లాంచీలో నది దాటి బారక్‌పూర్ చేరుకుంటే, అక్కడి నుంచి కోల్‌కతాలోని సియాల్దా స్టేషన్‌కు లోకల్ రైళ్లు ఉన్నాయి.