వింటేజ్ తరహా గిటార్ కోసం నెల్లూరు నుంచి చెన్నై: బండి, బస, షాపులో పరీక్షలు

1950ల నాటి ఎలక్ట్రిక్ గిటార్ల తీరులో తయారైన కొత్త గిటార్ కొనాలంటే నెల్లూరులో, ఒంగోలులో నాలుగైదు వాయించి చూసి ఎంచుకునే వీలు దాదాపు లేదు. ఇక్కడి షాపుల్లో ఎక్కువగా ఉండేవి అకౌస్టిక్‌లు, కీబోర్డులే. ఆన్‌లైన్‌లో ధర కాస్త తగ్గవచ్చు. కానీ ఒకే మోడల్‌లో, ఒకే రంగులో ఉన్న రెండు గిటార్ల బరువు, నెక్ (చేత్తో పట్టుకునే మెడ), మోత ఒకేలా ఉండవు. వింటేజ్ తరహా గిటార్‌కు డబ్బు పెట్టేదే ఆ తేడా కోసం కాబట్టి చేత్తో పట్టకుండా కొనడం సరికాదు. నెల్లూరు వాళ్లకు హైదరాబాద్, బెంగళూరు రెండూ దూరమే. చెన్నై 175 కిలోమీటర్లు. ఒంగోలు వాళ్లకు చెన్నై, హైదరాబాద్ మధ్య పెద్ద తేడా లేదు గానీ, పగటి బండిలో కూర్చుని వెళ్లి కూర్చుని తిరిగి రావచ్చు కాబట్టి చెన్నైకే మా ఓటు.

వెళ్లడానికి పినాకిని ఎక్స్‌ప్రెస్ బాగుంటుంది. పొద్దున ఒంగోలు, నెల్లూరు మీదుగా వెళ్లి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్ చేరుతుంది. తిరుగు బండి మధ్యాహ్నం రెండు దాటాక బయల్దేరుతుంది (వేళలు మారుతుంటాయి, టికెట్ తీసేటప్పుడు సరిచూసుకోండి). ఈ లెక్కన ఒక రాత్రి ఉండక తప్పదు, అదే మంచిది కూడా. గంటసేపు ఆంప్ (యాంప్లిఫయర్) ముందు కూర్చుంటే చెవి అలిసిపోయి, ఏది పెద్దగా మోగితే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. మొదటి రోజు సాయంత్రం వాయించి రెండింటిని పక్కన పెట్టించుకోండి. మర్నాడు పొద్దున షాపు తెరవగానే వాటినే మళ్లీ వాయించి తేల్చుకోండి. వారం మధ్యలో వెళితే షాపు ప్రశాంతంగా ఉంటుంది.

ఆర్టీసీ బస్సు వెళ్లేటప్పుడు ఫరవాలేదు. ఆంధ్ర బస్సులు ఆగే మాధవరం బస్ టెర్మినల్ నుంచి ఊళ్లోకి మరో ప్రయాణం ఉంటుందని గుర్తుంచుకోండి. తిరుగు ప్రయాణంలో మాత్రం గిటార్‌ను బస్సు డిక్కీలో వేయనివ్వకండి. ఎండాకాలం డిక్కీ కొలిమిలా కాగుతుంది, పైన పడే సూట్‌కేసు బరువు ఎంతో చెప్పలేం. రైలు పెట్టె పై అరలో గిగ్ బ్యాగ్ (మెత్తని గిటార్ సంచి) చక్కగా పడుతుంది. గిటార్ పొడవు మీటరు చుట్టుపక్కలే.

బసకు మూడు దారులు. సెంట్రల్ స్టేషన్ రిటైరింగ్ రూములు చవక, కానీ ముందే బుక్ చేయకపోతే దొరకవు. ఎగ్మూరు స్టేషన్ ఎదురుగా కెన్నెట్ లేన్‌లో మధ్యతరగతి లాడ్జీలు ఉన్నాయి. ట్రిప్లికేన్ మాన్షన్లు (ఒంటరివాళ్లు ఉండే గదుల లాడ్జీలు) ఇంకా చవక, అన్నా శాలైకి దగ్గర, గదులు మాత్రం ఇరుకు. కొత్త గిటార్‌తో రాత్రి ఉండాల్సి వస్తే ఎగ్మూరే మేలు. మొదటి రాత్రి ఉత్త చేతులతోనే ఉంటారు కాబట్టి ట్రిప్లికేన్ సరిపోతుంది. గదిలో చిన్న ఆంప్ పెట్టాలనుకునేవాళ్లు మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూడాలి. తీగలు ముట్టుకుంటే చిమచిమలాడితే వెంటనే ప్లగ్ తీసేయండి.

షాపుల్లో అన్నా శాలైలోని మ్యూసీ మ్యూజికల్ పాతది. 1842లో మిస్క్విత్ కంపెనీగా మొదలైంది. సెంట్రల్ నుంచి మెట్రో ఎక్కి అన్నా శాలైలో దిగవచ్చు. ఏ షాపుకు వెళ్లినా ముందు ఫోన్ చేసి, మీకు కావలసిన మోడల్ కనీసం రెండు ఉన్నాయా, వాయించడానికి ఇస్తారా అని అడగండి. ఒక్కటే ఉంటే పోల్చడానికి ఏమీ ఉండదు.

బయల్దేరేలోపే తేల్చుకోవలసింది ఒకటుంది. ఫెండర్ వాళ్ల టెలీక్యాస్టర్ 1951 నుంచీ ఆ పేరుతో ఉంది, స్ట్రాటోక్యాస్టర్ 1954లో వచ్చింది. ఈ రెండింటికీ తీగ పొడవు (మోగే భాగం) 25.5 అంగుళాలు. 1952 నాటి గిబ్సన్ లెస్ పాల్‌ది 24.75. అంగుళంలో ముప్పావు తేడాయే గానీ వేలికి బాగా తెలుస్తుంది. అదే 10–46 తీగల సెట్ (సన్న తీగ 0.010, లావు తీగ 0.046 అంగుళాలు) లెస్ పాల్ మీద మెత్తగా వంగుతుంది, టెలీ మీద బిగువుగా ఉండి గంటలా మోగుతుంది. ఫెండర్ వాళ్లదే అయిన స్క్వయర్ క్లాసిక్ వైబ్, గిబ్సన్ వాళ్లదే అయిన ఎపిఫోన్ లెస్ పాల్ స్టాండర్డ్ 50s, 60s మన అందుబాటులో ఉండే వరుసలు. ఎపిఫోన్‌లో 50s నెక్ లావు, 60s సన్నం. చేతులు చిన్నవైతే 60s అని అందరూ అంటారు గానీ, చాలాసేపు కార్డులు పట్టేవాళ్లకు లావు నెక్కే బొటనవేలికి ఆసరా ఇస్తుంది. రెండూ పట్టి చూడండి.

ఇక రేడియస్, అంటే ఫింగర్‌బోర్డు అడ్డంగా ఎంత వంపు తిరిగి ఉందన్న కొలత. పాత ఫెండర్ల ఫింగర్‌బోర్డు 7.25 అంగుళాల రేడియస్, అంటే బాగా గుండ్రం. మొదటి మూడు ఫ్రెట్ల (అడ్డంగా ఉండే లోహపు గీతల) దగ్గర కార్డులు పట్టడానికి అంత హాయి మరొకటి లేదు. కానీ పై ఫ్రెట్లలో తీగ వంచినప్పుడు అది గుండ్రటి బోర్డు నడినెత్తి మీదికి ఎక్కి ఫ్రెట్‌కు తగిలి చచ్చిపోతుంది. ఫెండర్ వింటెరా 2లో ఈ 7.25 ఉంటుంది. క్లాసిక్ వైబ్ 9.5కి మార్చుకుంది కాబట్టి ఆ బాధ తక్కువ. పరీక్ష తేలిక: మొదటి తీగను (అన్నిటికంటే సన్ననిది) 12 నుంచి 17 వరకు ప్రతి ఫ్రెట్‌లోనూ పూర్తి స్వరం వంచి, నాలుగు సెకన్లు నిలపండి. మధ్యలో ఆగిపోతే యాక్షన్ (తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎత్తు) కొలవండి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ (అన్నిటికంటే లావుది) కింద 2 మి.మీ., మొదటి తీగ కింద 1.6 మి.మీ. ఉన్నా ఆగుతోందంటే ఆ ఒక్క గిటార్‌లో ఏదో ఫ్రెట్ ఎత్తుగా ఉంది. దాన్ని వదిలేయండి. షాపువాళ్లు తీగలు పైకి లేపి ఇస్తామంటారు, అప్పుడు వంపు పలుకుతుంది, వేళ్లు మాత్రం నొప్పెడతాయి.

నెక్ వంపు చూడడానికి ఒకటో ఫ్రెట్‌కు కాపో (తీగలు నొక్కి ఉంచే క్లిప్పు) పెట్టి, ఆరో తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, 8వ ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడండి. 0.3 మి.మీ. చుట్టుపక్కల, అంటే ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే సరి. అసలు సందే లేకపోతే ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనుప కడ్డీ) వదులు చేయాలి. అచ్చమైన పాత పద్ధతి ఫెండర్లలో ఆ రాడ్ నట్టు బాడీ వైపు దాక్కుని ఉంటుంది. తిప్పాలంటే నెక్ మరలు వదులు చేయాల్సిందే. తేమ మారినప్పుడల్లా ఈ పని పడుతుంది. అందుకే కోస్తాలో ఉండేవాళ్లు హెడ్‌స్టాక్ (గిటార్ తల) దగ్గర సర్దుకునే మోడలే తీసుకోవడం మంచిది. అచ్చం పాతదానిలా ఉండాలన్న మోజు ఈ ఒక్క విషయంలో వదులుకోవచ్చు.

టోన్ వినేది ముందు ఆంప్ లేకుండానే. గిటార్ వీపు పొట్టకు ఆనించి ఆరు తీగలూ మీటితే మోత ఎంతసేపు నిలుస్తుందో ఒంటికి తెలుస్తుంది. ఇక్కడ మందకొడిగా ఉన్నదాన్ని పికప్ (తీగ కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) పెద్దగా బాగు చేయలేదు. తర్వాత మల్టీమీటర్: కేబుల్ ఒక కొస గిటార్‌కు పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, రెండో కొస జాక్ మొనకూ ఒంటికీ మధ్య కొలవండి. స్ట్రాట్ పికప్ 5.5 నుంచి 6.5 కిలో ఓమ్‌లు, పాత తరహా హంబకర్ (జంట కాయిల్ పికప్) 7 నుంచి 8.5 మధ్య ఉంటాయి. స్విచ్ రెండు పికప్‌ల మధ్య స్థానంలో ఉంటే సగం చూపిస్తుంది, అది లోపం కాదు. అసలేమీ చూపించకపోతే వైరు ఊడింది.

స్ట్రాట్‌లో మూడో తీగ మిగతావాటి కంటే గట్టిగా అరవడం కూడా లోపం కాదు. 1950లలో మూడో తీగకు చుట్టు తీగ (పైన సన్నని తీగ చుట్టినది) వాడేవారు, అందుకని ఆ అయస్కాంతాన్ని ఎత్తుగా పెట్టారు. ఇప్పుడు వాడే చుట్టులేని తీగకు అది ఎక్కువవుతుంది. ఆ వైపు పికప్ కొద్దిగా దించితే చాలావరకు సర్దుకుంటుంది.

మన దగ్గర ఎక్కువమంది వాయించేది చర్చిలో, లేదంటే పెళ్లి ఆర్కెస్ట్రాలో. అక్కడ ఆంప్ ఉండదు, గిటార్ నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పికప్ ఆ ఇన్‌పుట్ విద్యుత్ భారం మోయలేక పై స్వరాలు మాసిపోతాయి. షాపులో వంద వాట్ల ఆంప్ మీద విన్న టోన్ అక్కడ రాదు. డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే డబ్బా) కలిపి కొనండి, షాపులోనే దాని మీద కూడా విని చూడండి. సింగిల్ కాయిల్ పికప్ ట్యూబ్‌లైట్లు, సీరియల్ సెట్ల దగ్గర గుయ్యిమంటుంది. తీగలు ముట్టుకుంటే ఆ గుయ్యి తగ్గితే గిటార్ లోపలి ఎర్తింగ్ బాగున్నట్టే. పందిట్లో వాయించేవాళ్లకు హంబకర్ మేలు. లేదా మధ్య పికప్ తిరగేసి చుట్టిన స్ట్రాట్ తీసుకుంటే స్విచ్ 2, 4 స్థానాల్లో హమ్ పోతుంది.

ఎంచుకున్నాక సెటప్ (తీగల ఎత్తు, శ్రుతి సర్దడం) షాపులోనే చేయించండి. మీరు వాడే తీగల సైజు ముందే చెప్పాలి, తర్వాత మారిస్తే అంతా మళ్లీ మొదలు. మూడు ఇత్తడి సాడిళ్ల (తీగలు ఆనే ముక్కల) టెలీలో రెండేసి తీగలకు ఒకే సాడిల్ కాబట్టి ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి కుదరడం) ఆరింటికీ నూటికి నూరు కుదరదు. కుదిరిందని ఎవరైనా చెబితే ట్యూనర్ పెట్టి చూడమనండి. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోండి.

లెస్ పాల్ రకం కొంటే గట్టి కేసు తప్పనిసరి. గిబ్సన్‌లలో హెడ్‌స్టాక్ 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, వెల్లకిలా పడితే విరిగేది అక్కడే. ఏసీ పెట్టెలోంచి నెల్లూరు ప్లాట్‌ఫారం మీదికి దిగాక, కేసు వెంటనే తెరవకండి, అరగంట ఆగితే లోహం మీద చెమ్మ పట్టదు. కార్తీక మాసం వానల్లో కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడవకపోతే ఉప్పు గాలికి వారాల్లో తుప్పు పడతాయి. ఇంటికి తెచ్చిన రెండు వారాల తర్వాత 8వ ఫ్రెట్ సందు మళ్లీ కొలవండి. మారి ఉంటే ట్రస్ రాడ్ పావు చుట్టుకు మించకుండా తిప్పి, ఒక రోజు వదిలి, అప్పుడు చూడండి.