పాయింటరా, లాబ్రడారా?
పిట్టల వేటకు పెంచిన కుక్కలే అయినా, పాయింటర్‌కూ లాబ్రడార్‌కూ యజమానితో ఉండే అనుబంధం ఒక్క తీరుది కాదు. పాయింటర్ మనిషికి చాలా ముందు పరుగెత్తి, గాలిలో వాసన పట్టి, పొదలో కౌజుపిట్ట ఉన్నదని తెలియగానే ముక్కు అటు చాచి, తరచు ముందుకాలు ఒకటి ఎత్తి, వేటగాడు చేరేదాకా కదలక నిలుస్తుంది. పిలుపు అందనంత దూరంలో కూడా యజమాని కోసం అలా ఆగడం నాకు ఎంతో గొప్ప నమ్మకంగా తోస్తుంది. లాబ్రడార్ పక్కనే కూర్చుని, తుపాకి పేలాక నీళ్లలో పడిన బాతును పళ్లు దిగకుండా నోట కరచి తెచ్చి చేతికిస్తుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పక్షుల వేట నేరం కనుక, కావలిలోనో ఒంగోలులోనో వీటిని పెంచేవారు ఆ నేర్పుకు వేరే పని చూపాలి. లాబ్రడార్‌కు బంతి విసిరితే చాలు. కాని చన్నీటికి తగిన దాని రెండు పొరల బొచ్చుతో రోహిణి కార్తె ఎండను తట్టుకోవడం కష్టం. పొట్టి బొచ్చు పాయింటర్ కొంత ఓర్చుకుంటుంది గాని, కోత కోసిన పొలాల్లో, కొంగలను తరమకుండా పొడవాటి తాడు కట్టి, రోజూ పరుగెత్తించలేనివారు దానిని తెచ్చుకోకూడదు. మేడ మీద గొలుసుతో కట్టేసిన పాయింటర్‌ను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.