స్పిన్నర్ పలక: బేతంచెర్ల బండ మీద ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు

పెద్దయ్యాక ఫిగర్ స్కేటింగ్ మొదలుపెట్టినవాళ్లకు గట్టిగా అడ్డం పడేది స్పిన్నే. ముందుకు జారడం, వెనక్కి జారడం, కాలు మీదుగా కాలు దాటేస్తూ వంపు తిరిగే క్రాసోవర్లు మెల్లగా ఒంటబడతాయి. ఒంటికాలి మీద ఉన్నచోటే తిరగడం మాత్రం అంత తొందరగా లొంగదు. మంచు దగ్గరుంటే రోజూ అరగంట తిరిగి సాధించుకోవచ్చు. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఆ వీలు లేదు. ఐస్ కావాలంటే గురుగ్రామో డెహ్రాడూనో పోవాలి. 1920లో మొదలైన సిమ్లా రింకు ఉన్నా అది చలికాలపు మంచును నమ్ముకున్నది. అందుకే ఆన్‌లైన్లో వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే, ఇంట్లో నేల మీదే స్పిన్ సాధన చేసుకునే స్పిన్నర్ పలక మీద మనవాళ్ల కళ్లు పడతాయి. ఇరుసు, అంటే ఒళ్లంతా చుట్టూ తిరిగే నిట్టనిలువు గీత, నిలబెట్టుకోవడం నేర్చుకోవడానికైతే ఇది కొనదగ్గ వస్తువే. స్పిన్ మొత్తం ఇదే నేర్పుతుందనుకుంటే మాత్రం డబ్బు దండగ.

చూడ్డానికి ఇది గట్టి ప్లాస్టిక్ పలక, అంతే. పొడవు దాదాపు 28 సెంటీమీటర్లు, వెడల్పు అరచేయంత. పైన కాలు జారకుండా గరుకు పొర ఉంటుంది. అడుగు పడవలా వంపు తిరిగి, పొట్ట దగ్గర మాత్రమే నేలకు ఆనుతుంది. ఆ చిన్న చోటు మీదే మీ బరువంతా తిరగాలి. బరువు కాస్త మడమకు పోయినా పలక వెనక్కి ఒరుగుతుంది, పక్కకు పోతే పక్కకు ఒరుగుతుంది. తప్పును దాచదు గనకే దీనికి విలువ. స్పోర్ట్స్ షాపుల్లో నడుము తగ్గడానికని అమ్మే గుండ్రటి ట్విస్టర్‌ను దీని బదులు తెచ్చుకోవద్దు. అందులో బేరింగు ఉంటుంది కాబట్టి మనిషి వంకరగా నిలబడినా తిరుగుతూనే ఉంటుంది. వంకరగా తిరగడమే అలవాటైపోతుంది.

పలక కంటే ముందు నేల సంగతి చూడాలి. ఈ విషయంలో మన జిల్లాలవాళ్లు అదృష్టవంతులు. పాలిష్ పట్టిన బేతంచెర్ల బండ స్పిన్నర్‌కు చక్కగా సరిపోతుంది. నున్నగా ఉంటుంది గానీ అద్దంలా జారదు. తాడిపత్రి నల్లబండ కూడా పాలిష్ చేసిందైతే పరవాలేదు. పాలిష్ లేని బండ మీద పలక ఒకటిన్నర చుట్టుకే పట్టేస్తుంది, ఆ పట్టు మోకాలి మీద పడుతుంది. తళతళలాడే విట్రిఫైడ్ టైల్స్ మీద చుట్లు ఎక్కువ వస్తాయి కానీ పలక తిరుగుతూనే గోడ వైపు జారిపోతుంది. మిద్దె మీది సిమెంటు గచ్చు మీద అసలు వద్దు. పలక అడుగు రోజుల్లోనే గీరుకుపోతుంది.

రెండడుగుల చదరపు బండ అయితే సరిగ్గా మధ్యలో పలక పెట్టండి. బండల మధ్య అతుకు గీతలే మీ కొలబద్ద. మూడు చుట్లయ్యాక పలక పొట్ట ఆ బండలోనే ఉంటే ఇరుసు బాగున్నట్టు. అతుకు దాటి పక్క బండ మీదికి వెళ్లిందంటే మీరు తిరుగుతూ నడుస్తున్నారు. ఐస్ మీద దీన్నే ట్రావెలింగ్ అంటారు. తిరిగే ముందు తడిగుడ్డతో తుడిచి, ఆరనివ్వాలి. మన గాలికి గంటలోనే సన్న దుమ్ము పేరుకుంటుంది, ఆ ఇసుక రవ్వలే పలకను కోసేది. గుర్తు కోసం ముగ్గుపిండితో చుక్క పెట్టొద్దు, అదీ ఇసుకతో సమానమే. పలక తగలనంత దూరంలో చాక్‌పీసుతో గీత గీసుకుంటే చాలు.

ఇక కాలు పెట్టే చోటు. దాదాపు అందరూ ఇక్కడే పొరబడతారు. పాదం మధ్యభాగాన్ని పలక మధ్యలో పెట్టి నిలబడతారు. అప్పుడు ఇరుసు అరికాలి వంపులోంచి పోతుంది. ఐస్ మీద స్పిన్ అలా ఉండదు. బ్లేడు ముందు భాగంలో, టోపిక్‌కు (బ్లేడు కొనన ఉండే పళ్లకు) కాస్త వెనకాల, అంటే పాదం ముందు గుండు కింద తిరుగుతుంది. పలకకు కూడా ఆ గుండే పొట్ట మీదికి రావాలి. పొట్ట ఎక్కడుందో తెలియకపోతే బండ మీద చాక్‌పీసు దట్టంగా రుద్ది, పలకను ఒకసారి నొక్కి ఎత్తండి. అడుగున తెల్ల మచ్చ ఎక్కడ పడిందో అదే పొట్ట. దానికి సూటిగా పలక పైన చిన్న టేపు ముక్క అతికించుకుంటే రోజూ వెతుక్కునే పని ఉండదు. పొట్ట నడిమధ్యన ఉన్న పలకైతే పెద్ద పాదం ఉన్నవాళ్లకు మడమ మూడు నాలుగు వేళ్లంత వెనక్కి వేలాడుతుంది. అది తప్పు కాదు, అలాగే ఉండాలి.

పల్చటి రబ్బరు అడుగున్న కాన్వాస్ బూట్లు వేసుకోండి. సాక్సులు జారతాయి, వట్టికాలు చెమటకు అంటుకుంటుంది. మెత్తటి అడుగున్న రన్నింగ్ షూస్‌లో బరువు ఎక్కడుందో కాలికి తెలియదు. ఇంకో ముఖ్యమైన మాట: కింద ఉన్నది రాయి. బరువు మడమకు పోతే పలక ముందుకు ఎగిరిపోయి మనిషి వెనక్కి పడతాడు. మొదటి రెండు వారాలు హెల్మెట్టు, మణికట్టు గార్డులు లేకుండా ఎక్కవద్దు. చుట్టూ రెండు గజాల మేర మంచం కోళ్లు, స్టూళ్లు లేకుండా చూసుకోండి. మెట్ల దగ్గర వద్దు.

ముందు మీరు తిరిగే దిక్కు తేల్చుకోవాలి. నిలబడి గాల్లోకి ఎగిరి ఒక చుట్టు తిరగబోతే ఒళ్లు తనంతట ఏ వైపు పోతుందో అదే మీ దిక్కు. ఎక్కువమంది ఎడమ వైపు తిరుగుతారు, మామూలు స్పిన్‌కు (ఫార్వర్డ్ స్పిన్‌కు) ఎడమకాలి మీద నిలబడతారు. కుడి వైపు తిరిగేవాళ్లు కింద చెప్పినదంతా తిప్పి చదువుకోవాలి.

మొదటి వారం చేతులు లాగవద్దు. మోకాలు కొద్దిగా వంచి, రెండు చేతులూ పొట్ట పైభాగం ఎత్తులో, పెద్ద బిందెను కావలించుకున్నట్టు గుండ్రంగా పెట్టండి. నేల మీదున్న కుడికాలి ముందు వేళ్లతో మెల్లగా తోసి, మోకాలు నిటారు చేస్తూ లేవండి. రెండు చుట్లు తిరిగి ఆగితే చాలు. జోరుగా తోస్తే తుంటి ముందు పోయి భుజాలు వెనకబడతాయి, ఇరుసు అక్కడే విరిగిపోతుంది. పెద్దవాళ్లకు పిల్లల కంటే బలం ఎక్కువ కాబట్టి ఈ తప్పు ఎక్కువగా వాళ్లదే. భుజాలు, తుంటి ఒకే పెట్టెలా కలిసి తిరగాలి.

అది కుదిరాక చేతులు లాగడం. మొదటి రెండు చుట్లు చేతులు బయటే ఉంచి, ఆ తర్వాత రెండింటినీ ఒకే వేగంతో ఛాతీ దగ్గరికి తీసుకోవాలి. బరువు ఇరుసుకు దగ్గరయ్యేకొద్దీ వేగం దానంతట అదే పెరుగుతుంది, అందుకోసం మళ్లీ తొయ్యక్కర్లేదు. ఒక చెయ్యి కిందికి జారితే ఒళ్లంతా ఆ వైపు వాలుతుంది. అద్దం ముందు తిరిగితే ఇది కనబడదు. పక్కనుంచి ఫోనులో స్లో మోషన్ వీడియో తీయించుకోండి. ఖాళీ కాలు ముందు కాస్త ఎత్తుగా ఉండి, చేతులు లోపలికి వచ్చాకే నింపాదిగా చీలమండ మీదికి దిగాలి. ముందే కాలు ముడిస్తే తిరుగుడు మొదట్లోనే చచ్చిపోతుంది.

తల దించి పాదాన్ని చూడడం ఇంకో తప్పు. తల ముందుకు పోయిందంటే బరువూ ముందుకు పోయినట్టే. గడ్డం నేలకు సమాంతరంగా ఉంచి, చూపును ఏ ఒక్కచోటా నిలపకుండా వదిలేయాలి. నాట్యంలోలా ఒక బిందువును పట్టుకుని తల తిప్పే పద్ధతి స్కేటింగ్ స్పిన్‌కు పనికిరాదు, ఆ వేగానికి మెడ అందుకోలేదు. కళ్లు తిరగడం మాత్రం ఖాయం. లోపలి చెవిలోని ద్రవం మనం ఆగినా కాసేపు కదులుతూనే ఉంటుంది. ఆగగానే కదలని వస్తువు ఒకదాన్ని, గడియారమో కిటికీ ఊచో, చూస్తూ పదిదాకా లెక్కపెట్టండి. రోజూ కొద్దికొద్దిగా చేస్తే మెదడు అలవాటు పడుతుంది. అయిదేసి చొప్పున మూడు విడతలు, మొత్తం పదిహేను స్పిన్లు, పది నిమిషాల పని. అంతకు మించవద్దు. అన్నం తిన్న వెంటనే అసలొద్దు. వర్టిగో (కళ్లు తిరిగే జబ్బు) ఉన్నవాళ్లు, మోకాలిలోని నెలవంక మృదులాస్థి (మెనిస్కస్) దెబ్బతిన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఎక్కాలి. వయసు మీరిందన్న భయం మాత్రం వద్దు. జర్మనీలోని ఓబర్‌స్ట్‌డార్ఫ్‌లో 28 ఏళ్లు నిండినవాళ్ల కోసమే 2005 నుంచి అంతర్జాతీయ పోటీ పెడుతున్నారు.

రోజువారీ లక్ష్యం మూడు చుట్లు. అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ లెక్కలోనూ మూడుకు తక్కువైతే అది స్పిన్ కాదు. బండ మీద మూడు శుభ్రంగా వచ్చినవాళ్లు ఐస్ మీద స్పిన్‌లోకి వెళ్లే తీరు కుదిరితే అంతకంటే ఎక్కువే తిరగగలరు, అక్కడ రాపిడి తక్కువ కదా.

అసలు డబ్బు గిట్టేది బ్యాక్‌స్పిన్‌లో. ఎడమ వైపే తిరుగుతూ కుడికాలి మీద నిలబడడం. జంపుల్లో గాల్లో తిరిగేది ఈ ఇరుసు మీదే, కాబట్టి సగం సమయం దీనికే ఇవ్వండి. దిగేటప్పుడు చేతులు విప్పి, మోకాలు వంచి, ఎడమకాలు వెనక్కి చాపి మూడు సెకన్లు కదలకుండా ఉండాలి.

పలక నేర్పలేనిది ఎంట్రీ, అంటే జారుతూ స్పిన్‌లోకి వెళ్లే తీరు. ఐస్ మీద ముందుకు జారుతూ, ఎడమకాలి బ్లేడు బయటి అంచు మీద వంపును బిగిస్తూ పోయి, త్రీ టర్న్‌తో (అదే కాలి మీద ముందు నుంచి వెనక్కి తిరిగే మలుపుతో) వెనక్కి జారే లోపలి అంచు మీదికి రావాలి. స్పిన్ ఒకచోట కుదురుకునేది ఆ వంపు వల్లే. పలకకు అంచులే లేవు. కూర్చుని తిరిగే సిట్ స్పిన్‌ను కూడా దీని మీద ప్రయత్నించవద్దు. తొడ నేలకు సమాంతరమయ్యేంత కూర్చున్నప్పుడు పలక పట్టేస్తే మెలి అంతా మోకాలిదే. ఎంట్రీ కోసం మన దగ్గరున్న దారి చక్రాలు. ముందు రబ్బరు స్టాపరు, మూడు చక్రాలు ఉండి నడిమి చక్రం కాస్త కిందికి దిగే ఇన్‌లైన్ ఫిగర్ స్కేట్‌తో నున్నటి గచ్చు మీద ఆ వంపు, ఆ త్రీ టర్న్ రెండూ వస్తాయి. చక్రాల మీద స్పిన్లు చిన్నచూపు చూడదగ్గవి కావు. హైదరాబాదీ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యాలు గెలిచింది రోలర్ ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనే.

మన్నిక విషయంలో ఫిర్యాదు లేదు. పార్సిల్ రాగానే అడుగున వేలు పెట్టి చూడండి. అచ్చు పోసిన చోట గీతలా గట్టు తగిలితే నాలుగువందల నంబరు ఎమెరీ కాగితంతో మెల్లగా రుద్దాలి, లేకపోతే ప్రతి చుట్టుకూ తట్టుకుంటుంది. రెండు వారాలు తిరిగాక పలకను బోర్లించి వెలుతురులో పట్టుకోండి. గీతలన్నీ రూపాయి బిళ్లంత చోటులో ముద్దగా ఉంటే బరువు ఒక్కచోటే నిలుస్తోంది. ముందువైపు తోకలా సాగితే తల వంచుతున్నారు. మడమ వైపు సాగితే మోకాలు బిగబట్టి వెనక్కి వాలుతున్నారు. ఆ మచ్చను ఫోటో తీసి తారీకు రాసుకుని, మళ్లీ రెండు వారాలకు ఇంకోటి తీసి పక్కన పెట్టి చూసుకోండి.