బయట ఉన్నది పెట్టె మాత్రమే: మెల్‌బోర్న్ ఇంట్లో గ్యాస్ డక్టెడ్ హీటర్‌తో తొమ్మిదేళ్లు

ఈ హీటర్‌లో నాకు మొదట్నుంచీ నచ్చింది ఒక్కటే, అది ఇంటి బయట ఉండటం. బాత్రూంలో గ్యాస్ గీజర్ పెట్టుకుని స్నానానికి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదన్న వార్తలు మనవైపు చదువుతూ పెరిగినదాన్ని. అందుకే 2016లో టార్నీట్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు, మంట మండే పెట్టె పెరట్లో గోడవతల ఉంటుందని, వెచ్చటి గాలి మాత్రమే పైకప్పులోని డక్టుల (గాలి గొట్టాల) గుండా గదుల్లోకి వస్తుందని బిల్డర్ చెప్పగానే నా మనసు తేలికపడింది. పొగ బయటే, మంట బయటే, చప్పుడు కూడా బయటే. ఇక భయమేముంది?

మొదటి ఆరేడు చలికాలాలు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే చెప్పాను. తెల్లవారుజామున బయట మూడు నాలుగు డిగ్రీలున్నా ఇల్లంతా ఒకేలా వెచ్చగా ఉండేది. గాలి బయటికి వచ్చే వెంట్లు పైన సీలింగ్‌లో ఉన్నాయి కాబట్టి కాళ్ల దగ్గర కాస్త చల్లగా అనిపించేది, మేజోళ్లు వేసుకుంటే ఆ ఇబ్బందీ ఉండేది కాదు. కరెంటు పోతే ఫ్యాన్ తిరగదు కాబట్టి హీటర్ కూడా ఆగిపోతుంది, అదొకటి గుర్తుంచుకోవాలి. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేది ఏ కంపెనీ హీటర్‌కైనా వర్తిస్తుంది.

2023 జులైలో అమ్మ ఒంగోలు నుంచి వచ్చింది. ఇక్కడి చలికాలం చూడటం తనకి అదే మొదటిసారి. ఇంట్లో మొత్తం పదకొండు వెంట్లు. వాడని గదులకి వేడి ఎందుకు దండగ అని వాటిలో ఆరు అప్పటికే మూసేసి ఉంచాం. చాలా ఇళ్లల్లో మనవాళ్లు చేసే పనే ఇది, నేనే ఇద్దరు ముగ్గురికి నేర్పించాను కూడా. అమ్మ కోసం రాత్రంతా హీటర్ ఆన్‌లో పెట్టేవాళ్లం.

వచ్చిన వారానికి అమ్మకి తలనొప్పి మొదలైంది. "చలికి తల పట్టేసిందే" అనేది. అమృతాంజనం రాసి, శాలువా చెవులకి చుట్టి పడుకోబెట్టేదాన్ని. పొద్దున లేవగానే కాస్త వికారం, కాఫీ కూడా సయించేది కాదు. మధ్యాహ్నం మా వాడిని తీసుకుని పార్కు దాకా నడిచి వస్తే మళ్లీ మామూలు మనిషి అయ్యేది. ఎండ తగిలింది, హాయిగా ఉందని అనుకునేది. బయటికి వెళ్తే తగ్గడం, ఇంట్లో రాత్రి గడిస్తే మళ్లీ రావడం మా కళ్ల ముందే జరిగింది. ఆ రెండింటినీ కలిపి చూడాలని మాకెవరికీ తట్టలేదు.

ఆ వారంలోనే ఒకరోజు ఆఫీసు పని మధ్యలో పెరట్లోకి వెళ్తే, హీటర్ పెట్టె మీద తడి తువ్వాళ్లు పరిచి ఉన్నాయి. పొగ బయటికి వచ్చే చోట ఉన్న కమ్మీల జాలీకి మా వాడి స్కూలు మేజోళ్లు తగిలించి ఉన్నాయి. ఇక్కడి చలికాలంలో బట్టలు రెండు రోజులైనా ఆరవు. "వెచ్చగా ఉందిగా, గంటలో ఆరిపోతున్నాయ్" అంది అమ్మ. నాలుగు రోజులుగా అక్కడే ఆరేస్తోందట. మేజోళ్లు తీస్తుంటే అవి ఇస్త్రీపెట్టె కింద పెట్టినంత వేడిగా ఉన్నాయి. కాలిపోతాయనే భయంతో తీసేశాను తప్ప, పొగదారి మూసుకుపోయిందన్న ఆలోచన నాకూ రాలేదు.

రెండు రోజుల తర్వాత, రాత్రి థర్మోస్టాట్ ఆన్ చేసిన కాసేపటికి పెరట్లో 'దబ్'మని చప్పుడైంది. ఎవరో రేకుల తలుపు తన్నినట్టు. తర్వాత రెండుసార్లు ఆగి ఆగి వెలిగి, చివరికి తనంతట తానే ఆగి లాక్ అయిపోయింది. ఆ లాక్ అయిపోవడమే మాకు మేలు చేసింది.

మర్నాడు హీటర్ చూడటానికి వచ్చిన మెకానిక్ పెద్దవాడు, ఈ పనిలో ముప్పై ఏళ్లుగా ఉన్నాడట. పెరట్లోకి వెళ్లకముందే ఇంట్లో ఎవరికైనా తలనొప్పి, వికారం, మత్తు లాంటివి ఉన్నాయా అని అడిగాడు. అమ్మ వైపు చూశాను. నేను చెప్పింది విని కిటికీలన్నీ తెరిపించాడు. అమ్మని, మా వాడిని పక్కింటికి పంపించేశాక హీటర్‌ని రీసెట్ చేసి, చేతిలోని విషవాయువు కొలిచే మీటర్ గొట్టాన్ని అమ్మ గదిలోని వెంట్ దగ్గర పట్టుకుని నిలబడ్డాడు. సున్నా ఉండాల్సిన చోట అంకెలు పెరుగుతూ వచ్చాయి. ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్లి హీటర్‌కి వచ్చే గ్యాస్ వాల్వ్ కట్టేశాడు. తిప్పకూడదని రాసి ఉన్న ఎర్ర ట్యాగ్ దానికి కట్టాక గానీ మాట్లాడలేదు.

పెట్టె ముందు తలుపు విప్పి టార్చి వేసి చూపించాడు. లోపల హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే ఇనప రేకుల గది ఉంది. దాని లోపల మంట, బయట మన ఇంటి గాలి. రెండింటి మధ్యా ఉన్నది ఒక రేకు మందం మాత్రమే. ఆ రేకు వంపు దగ్గర నీలంగా కమిలిన మచ్చ, ఆ మచ్చ మధ్యలో వెంట్రుకంత సన్నటి చీలిక. చీలిక పైన మసి, వేలు పెడితే అంటుకుంది.

తొమ్మిదేళ్ల అనుభవంలో చెప్పదగ్గ మాట ఏదైనా ఉంటే ఇదే. బయట ఉన్నది పెట్టె మాత్రమే, దాని గుండా తిరిగేది మన ఇంటి గాలే. హాల్లో ఉన్న రిటర్న్ గ్రిల్ మనం పీల్చిన గాలిని లాక్కుని పెరట్లోని పెట్టెలోకి తీసుకెళ్తుంది. ఆ రేకుని తాకించి వేడెక్కించి, తిరిగి మన పడకగదుల్లోకే పంపిస్తుంది. రేకు చీలితే ఫ్యాన్ గాలి మంట మీద పడి మంట సరిగ్గా కాలదు, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. అది గాలిలో కలిసి డక్టుల దారిన అన్ని గదులకీ చేరుతుంది. గ్యాస్ లీకయితే వాసన వస్తుంది, ఎందుకంటే ఆ వాసనని కావాలనే కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా లేదు, రంగూ లేదు.

ఎందుకు చీలిందని అడిగితే అతను ఇంట్లోకి వచ్చి సీలింగ్ వైపు చూశాడు. మూసిన వెంట్లని వేలితో లెక్కపెట్టాడు. తర్వాత రిటర్న్ గ్రిల్ తెరిచి ఫిల్టర్ బయటికి తీస్తే అది కంబళిలా ఉంది. ఇన్ని వెంట్లు మూసేసి, ఫిల్టర్ కూడా మూసుకుపోతే ఎక్స్‌ఛేంజర్ మీదుగా వెళ్లాల్సినంత గాలి వెళ్లదు. వేడి పోయే దారి లేక రేకు హద్దు మించి కాగుతుంది. సేఫ్టీ స్విచ్ మంట ఆపేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ వెలుగుతుంది, మళ్లీ కాగుతుంది. ఇలా ఏళ్ల తరబడి సాగుతూ, కుంచించుకుంటూ ఇనుము అలసిపోతుంది. మేము పొదుపు అనుకున్నది ఆ రేకుని కాల్చేసింది. కనీసం ఎన్ని వెంట్లు తెరిచి ఉండాలో మాన్యువల్లో రాసే ఉందట. ఆ పుస్తకం ఇల్లు చేతికొచ్చిన రోజు నుంచీ డ్రాయర్‌లోనే ఉంది. పైన ఆరేసిన తువ్వాళ్ల గురించి చెబితే, పొగ బయటికి పోకుండా ఆపడం ఇంకో తప్పు అన్నాడు.

అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆ వాయువు రక్తంలోంచి గంటల్లోనే పోతుంది కాబట్టి ఇప్పుడు పరీక్షలో కనబడకపోవచ్చు అన్నారు. హీటర్ ఆపేశాక అమ్మకి మళ్లీ ఆ తలనొప్పి రాలేదు. నాకు ఆ ఒక్క సంగతి చాలు. అదే మీటర్ పట్టుకున్న మనిషి రాకముందే, ఏ రాత్రి రెండింటికో ఆ వాయువు ఇంకా పెరిగి ఉంటే? ఇప్పటికీ కొన్ని రాత్రులు ఆ ఆలోచన వచ్చి లేచి అమ్మ గది దాకా వెళ్లొస్తాను.

ఇక నా కోపం దేనిమీదంటే, 2021లో ఒక చౌక ఆఫర్ చూసి పిలిపించుకున్న సర్వీసు మీద. పావుగంటలో వచ్చి, పైన దుమ్ము ఊది, పెట్టెకి ఒక స్టిక్కర్ అంటించి వెళ్లిపోయారు. ఫిల్టర్ తీయలేదు, మీటర్ పెట్టలేదు. ఎక్స్‌ఛేంజర్‌కి వారంటీ ఇంకా ఉందని కంపెనీకి రాస్తే సర్వీసు రికార్డులు అడిగారు. నా దగ్గరున్నది ఆ స్టిక్కరే. అది చెల్లలేదు.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఈ విషయాలు చూసే ఎనర్జీ సేఫ్ విక్టోరియా రెండేళ్లకోసారి సర్వీసు చేయించమంటుంది. 2021 మార్చి 29 నుంచి మొదలైన అద్దె ఒప్పందాలకయితే, రెండేళ్లకోసారి గ్యాస్ భద్రతా తనిఖీ చేయించడం యజమాని బాధ్యత. అద్దెకున్నవాళ్లు మొహమాటపడకుండా ఆ రిపోర్టు అడగండి. వచ్చే మనిషికి మామూలు గ్యాస్ లైసెన్స్ ఒక్కటే సరిపోదు, టైప్ ఏ అప్లయన్స్ (ఇళ్లలో వాడే గ్యాస్ పరికరాల) సర్వీసింగ్ అన్న అర్హత విడిగా ఉండాలి. లైసెన్స్ కార్డు వెనక వైపు ఉంటుంది, చూపించమని అడిగితే చూపిస్తారు. కార్బన్ మోనాక్సైడ్ టెస్టు చేస్తారా అని ఫోన్లోనే అడగండి. నేను ఇప్పుడు అడిగే మొదటి ప్రశ్న అదే.

కొత్త హీటర్ బిగించేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. 2019లో మేము పెరట్లో పెర్గోలా అనే పందిరి లాంటి కప్పు వేయించి, గాలి తగలకుండా పక్కలకి ప్లాస్టిక్ తెరలు కట్టించాం. హీటర్ ఆ కప్పు కిందికే వచ్చింది. దీపావళికి అందరం అక్కడే కూర్చునేవాళ్లం. కొత్తది అదే చోట పెట్టనని ఇన్‌స్టాలర్ ఖరాఖండిగా చెప్పేశాడు. బాగా గాలి ఆడే చోట ఉంటేనే అది బయటి హీటర్, తెరలు దించితే అది గదే అవుతుంది, పొగ అక్కడే తిరిగి కిటికీల్లోంచి ఇంట్లోకి వస్తుందని అతని వాదన. అప్పటిదాకా నేను బయట బయట అని చెప్పుకున్నది నిజానికి సగమే బయట అన్నమాట.

చివరికి ఇంటి పక్క సందు వైపు మార్చారు. గ్యాస్ పైపు పొడిగించాల్సి వచ్చింది, ఆ పొడవుకి సరిపడా లావు పైపే వేశారు. నేల చదును చేసి కాంక్రీట్ పలక పరిచారు. పొగ వచ్చే నోటికీ కిటికీకీ మధ్య దూరం టేపుతో కొలిచి మాకు చూపించారు. వానకి తడవని ప్లగ్ పాయింట్ ఎలక్ట్రీషియన్ పెట్టాడు. పైకప్పులో రెండు డక్టులు ఎలుకలు కొరికి చిరిగి ఉంటే అవీ మార్చారు. మొత్తం నాలుగున్నర వేల డాలర్ల పైనే అయింది. పని ముగిసిన 5 రోజుల్లో పని నిబంధనల ప్రకారం జరిగిందని చెప్పే కంప్లయన్స్ సర్టిఫికెట్ ఇవ్వాలి, నాకు మూడో రోజే వచ్చింది. ఆ కాగితం లేకుండా డబ్బంతా కట్టేయకండి.

రెండు చలికాలాలు గడిచాయి. కొత్తది బాగుంది, పాతదానికంటే చప్పుడు తక్కువ. వెంట్లన్నీ తెరిచే ఉంచుతున్నాం. గ్యాస్ బిల్లు కాస్త పెరిగింది, కట్టుకుంటున్నాం. చలికాలంలో నెలకోసారి ఫిల్టర్ తీసి కడిగే పని మా వాడిది. పెట్టె చుట్టూ మీటరు మేర ఆకులు, చెత్తబుట్టలు, సైకిళ్లు లేకుండా చూసుకుంటున్నాం. పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టాం. అలారం ఉంది కదా అని సర్వీసు మానకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

మరి ఇదే కొనమంటానా? మాకు గ్యాస్ లైను, డక్టులు అప్పటికే ఉన్నాయి. నడి చలికాలంలో అమ్మని దుప్పట్లలో, ఆయిల్ హీటర్ల మధ్య కూర్చోబెట్టి ఎక్కువ రోజులు ఆలోచించే వీలు లేకపోయింది. సోలార్ ఉన్నవాళ్లయితే రివర్స్ సైకిల్ ఏసీ (చలికాలంలో వేడి గాలి ఇచ్చే ఏసీ) వైపు ముందు చూడండి. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లలో ప్లానింగ్ పర్మిట్ కావాల్సినవాళ్లకి 2024 జనవరి 1 నుంచి గ్యాస్ కనెక్షనే రాదు, కాబట్టి వాళ్లకి ఈ ప్రశ్నే లేదు. నాలాగా పాత ఇల్లు, ఉన్న డక్టులు, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, సర్వీసుకి ఏటా డబ్బు పక్కన పెట్టుకోగలిగితే, సరేనంటాను. లేకపోతే వద్దు.

వెంట్లు మూసుకోమని నేను నేర్పించినవాళ్లందరికీ ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. ఒకావిడ వెంటనే సర్వీసు చేయించుకుంది, ఇంకొకావిడ ఇంకా చూద్దాం అంటోంది. వారానికోసారి అడుగుతూనే ఉన్నాను. అమ్మ మళ్లీ మే నెలలో వస్తోంది. ఏప్రిల్ రెండో వారానికి సర్వీసు బుక్ చేశాను, బట్టలు ఆరేసుకోవడానికి గరాజ్‌లో దండెం కట్టాను.